తిరుపతిలో ప్రైవేట్‌గా సీటీ స్కాన్ తీయించుకోబోతున్నారా? ఫోన్ చేసే రోజు నుంచి రిపోర్ట్ చేతికొచ్చేదాకా

పోయిన ఎండాకాలం మా అమ్మకి కడుపులో కుడిపక్క నొప్పి వస్తా ఉంటే అల్ట్రాసౌండ్ తీయించినాం. లివర్ మీద ఏదో మచ్చలాగా ఉంది, సీటీ తీయించుకుని రండి అని డాక్టర్ చీటీ రాసిచ్చినాడు. నేను ఒక స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేస్తే "పరగడుపున తీసుకొచ్చేయండి" అన్నారు, అంతే, ఇంకో మాట లేదు. నేనూ ఇంకేం అడగలేదు. పాకాల దగ్గర మా ఊరి నుంచి తెల్లారి ఐదుకే బయల్దేరినాం. డబ్బులు కట్టినాక "క్రియాటినిన్ రిపోర్ట్ ఏదీ" అన్నారు. లేదు. అది కిడ్నీలు ఎట్లా పనిచేస్తున్నాయో చూసే రక్తపరీక్ష. అప్పుడు రక్తం తీసి ల్యాబ్‌కి పంపించి, అది వచ్చేసరికి పదకొండున్నర. మా అమ్మ షుగర్ మనిషి, ముందు రాత్రి ఏడింటికి తిన్నదే, పైగా రోజూ వేసుకునే షుగర్ మాత్ర అలవాటు కొద్దీ పొద్దున్నే వేసేసుకుంది. కుర్చీలో కూర్చున్న మనిషికి చెమటలు పట్టి చేతులు వణకడం మొదలైంది. గ్లూకోజ్ నీళ్ళు తాపించి, ఆ రోజుకి స్కాన్ మానుకుని ఇంటికి తీసుకొచ్చేసినాం.

వారం తర్వాత వేరే చోట అన్నీ ముందే అడిగి, చెప్పాల్సినవన్నీ చెప్పి తీసుకుపోతే ఏ కష్టమూ లేకుండా అయిపోయింది. మిషన్ లోపల ఉండేది పది పదిహేను నిమిషాలే. ఆ నిమిషాలు బాగా జరగాలంటే అంతకుముందు రెండు రోజుల్లో మనం ఏం అడిగినాం, ఏం చెప్పినాం అన్నదే ముఖ్యం. మా అమ్మ పడిన ఇబ్బంది ఇంకెవరూ పడకూడదని ఇంత వివరంగా రాస్తా ఉండా.

ముందే ఒక మాట. బండి మీద నుంచి పడి తలకి దెబ్బ తగిలినా, ఉన్నట్టుండి మూతి వంకర పోయి చెయ్యి కాలు పడిపోయినా ఇదంతా చదవొద్దు, సెంటర్లకి ఫోన్లు చేస్తా కూర్చోవద్దు, 108కి ఫోన్ చేసి నేరుగా ఎమర్జెన్సీకి పోండి. పక్షవాతంలో రక్తం గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే టైం, ఆ ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా తేల్చేది సీటీనే, దానికి పరగడుపూ అక్కర్లేదు ఏమీ అక్కర్లేదు.

మొదట, చీటీలో ఏం రాసుందో చదవండి

సీటీ అంటే ఒకటే స్కాన్ అనుకుంటాం కానీ చీటీలో ఉండే అక్షరాలను బట్టి మీ రోజంతా మారిపోతుంది. "ప్లెయిన్" అనో "ఎన్‌సీసీటీ" అనో ఉంటే, బొమ్మ తేటగా కనపడేదానికి నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందు లేకుండా తీసేది. కిడ్నీలో రాళ్ళకి రాసే "ఎన్‌సీసీటీ కేయూబీ", తలకి రాసే "సీటీ బ్రెయిన్ ప్లెయిన్", కోవిడ్ టైంలో ఊరూరా అందరి నోటా వినిపించిన "హెచ్ఆర్‌సీటీ చెస్ట్", సైనస్‌కి రాసే "పీఎన్ఎస్", ఇవి మామూలుగా ప్లెయినే. వీటికి క్రియాటినిన్ గొడవ లేదు, పరగడుపు కూడా మామూలుగా అక్కర్లేదు, రాళ్ళ స్కాన్‌కి అయితే నీళ్ళు బాగా తాగి మూత్రం ఆపుకుని రమ్మంటారు.

"సీఈసీటీ" అని ఉంటే కాంట్రాస్ట్ మందు నరంలోకి ఎక్కించి తీసేది. కడుపు, లివర్, క్లోమం, గడ్డలు ఇట్లాంటివాటికి ఎక్కువగా ఇదే రాస్తారు. "ట్రైఫేజిక్" అని ఉంటే మందు ఎక్కించినాక టైం చూసుకుని మళ్ళీ మళ్ళీ తీస్తారు. "సీటీ యాంజియో" అంటే రక్తనాళాల కోసం. గుండెకి తీసే కరోనరీ యాంజియో దారి వేరు, గుండె నిమిషానికి 60-65 కంటే ఎక్కువ కొట్టుకోకుండా మాత్ర ఇస్తారు, ముందు రోజు నుంచే కాఫీ టీ మానేయమంటారు, రక్తనాళాలు వెడల్పు అయ్యేదానికి నాలుక కింద నైట్రోగ్లిజరిన్ పెడతారు. అందుకే మగవాళ్ళు ఎవరైనా వయాగ్రా రకం మాత్రలు వాడుతుంటే సిగ్గు పడకుండా చెప్పి తీరాలి, ఆ రెండూ కలిస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది.

చీటీ మీద స్కాన్ పేరొక్కటే ఉండి "ఎందుకు" అన్నది లేకపోతే డాక్టర్‌ను అడిగి రెండు ముక్కలు రాయించుకోండి. రిపోర్ట్ రాసే రేడియాలజిస్ట్ చాలాసార్లు పేషెంట్ మొహం కూడా చూడడు, బొమ్మలు కంప్యూటర్‌లో వేరే ఊరికి పోయి అక్కడి నుంచి రిపోర్ట్ రావడం కూడా ఇప్పుడు మామూలే. నొప్పి ఏ పక్క, ఎన్నాళ్ళ నుంచి, ముందు ఆపరేషన్ ఏమైనా అయిందా అన్నది ఆయనకి తెలిస్తే చూసే చూపు వేరేగా ఉంటుంది. ఇంకో ప్రశ్న కూడా అప్పుడే అడగండి, "సార్, దీన్ని అల్ట్రాసౌండ్‌తోనో ఎమ్మారైతోనో తేల్చొచ్చా?" అని. మంచి డాక్టర్ ఈ ప్రశ్నకి కోప్పడడు. చిన్నపిల్లలకి, కడుపుతో ఉన్నవాళ్ళకి అయితే ఈ ప్రశ్న తప్పనిసరి.

యాడ తీయించుకోవాలి

తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రిలోనూ సీటీ ఉంది, స్విమ్స్ ఆస్పత్రిలోనూ ఉంది. ఎన్టీఆర్ వైద్యసేవలో కేసు నడుస్తున్నవాళ్ళు బయట డబ్బులు పెట్టే ముందు ఆస్పత్రిలో ఆ పథకం కౌంటర్‌లో "ఈ స్కాన్ ప్యాకేజీలో వస్తుందా" అని కచ్చితంగా అడగండి, తెలియక చేతి నుంచి పెట్టుకున్నవాళ్ళను చూసినా. తొందరగా కావాలి, వెయిట్ చేయలేం అనుకున్నవాళ్ళే ప్రైవేట్‌కి పోతారు, మేమూ అందుకే పోయినాం.

డాక్టర్ పలానా సెంటర్ పేరు చెప్పినా అక్కడికే పోవాలన్న రూల్ ఏమీ లేదు. పేషెంట్‌ను పంపినందుకు కమిషన్ తీసుకోవడం డాక్టర్లకి నిషేధం, 2002 నాటి వైద్య నియమావళిలోనే ఉంది. అట్లని డాక్టర్ చెప్పిన చోటల్లా అనుమానించాల్సిన పని లేదు, ఒక్కోసారి అక్కడి రిపోర్ట్ మీద ఆయనకి నమ్మకం ఉండే పంపుతాడు. "ఎందుకు సార్ అక్కడే" అని మర్యాదగా అడిగితే చెప్తాడు.

స్లైసుల గురించి, అంటే మిషన్ ఒక్క చుట్టు తిరిగితే ఎన్ని ముక్కలుగా బొమ్మ తీస్తుందో దాని గురించి, బోర్డుల మీద పెద్ద పెద్ద అంకెలు ఉంటాయి, 16, 32, 64, 128 అని. కిడ్నీ రాయికీ సైనస్‌కీ తలకీ 16 స్లైస్ మిషన్ నిక్షేపంగా సరిపోతుంది. గుండె యాంజియోకి మాత్రం 64కి తక్కువ వద్దు, కొట్టుకునే గుండెను అదురు లేకుండా పట్టాలి కాబట్టి. అంకె కంటే నేను ఎక్కువ చూసేది రెండు. ఒకటి, మందు ఎక్కించే టైంకి సెంటర్‌లో డాక్టర్ ఉంటాడా లేడా. రెండు, ఏఈఆర్‌బీ లైసెన్స్ ఉందా లేదా, అంటే అణుశక్తి నియంత్రణ మండలిది. ఆ లైసెన్స్ లేకుండా సీటీ మిషన్ నడపకూడదు, చూపించమని మొహమాటం లేకుండా అడగండి.

ఫోన్ చేసినప్పుడు

పేపర్ మీద రాసుకుని ఫోన్ చేయండి. చీటీలో ఉన్న పేరు అక్షరం అక్షరం చదివి వినిపించండి. మొత్తం ఎంత అవుతుంది, అందులో మందు, క్యాన్యులా అంటే నరంలో పెట్టే సన్నటి గొట్టం, ఇంజెక్టర్ సిరంజి, ఫిల్మ్, సీడీ అన్నీ కలిసి ఉన్నాయా లేక విడిగా వేస్తారా అని అడగండి, ఎందుకంటే ఫోన్‌లో చెప్పే రేటు చాలాసార్లు స్కాన్‌ది మాత్రమే, బిల్లు చూసినాక గుండె గుభేలుమంటుంది. ఇట్లాంటి పరీక్షలకి జీఎస్టీ లేదు, అది బిల్లులో కనబడితే ఏంటని అడగండి. క్రియాటినిన్ కావాలా, ఎన్ని రోజుల లోపలిది కావాలి, ఎన్ని గంటలు పరగడుపు, నీళ్ళు తాగొచ్చా, ఏ మాత్రలు వేసుకోవాలి, ఏవి ఆపాలి, రిపోర్ట్ ఎప్పుడిస్తారు. ఫోన్ ఎత్తిన అమ్మాయికి తెలియకపోతే "టెక్నీషియన్‌కి ఇవ్వమ్మా" అనండి, ఆయనకి తెలుస్తుంది.

క్రియాటినిన్ మాత్రం మీ ఊర్లోనే ముందు రోజు చేయించేసుకోండి. మామూలు రక్తపరీక్ష, చిన్న ల్యాబ్‌లో కూడా చేస్తారు. మేము మొదటిసారి చేయనివాటిల్లో ముఖ్యమైనది ఇదే, దానికి ఒక రోజు పోయింది, అమ్మకి ఆ ఇబ్బందీ వచ్చింది.

షుగర్ ఉన్నవాళ్ళకి, పిల్లలకి, ముసలివాళ్ళకి పొద్దున మొదటి టైమే అడిగి తీసుకోండి, గట్టిగానే అడగండి. ఇంకోటి, బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు, వైకుంఠ ఏకాదశి రోజు అత్యవసరం కాకపోతే పెట్టుకోవద్దు. ఊరంతా జనం, ఆటో దొరకదు, పరగడుపు మనిషిని పెట్టుకుని ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం ఎంత కష్టమో చెప్పనక్కర్లేదు.

దాచకుండా చెప్పాల్సినవి

ఇది అన్నిటికంటే ముఖ్యం, తొందరగా చదివి పోవద్దు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ముఖ్యంగా, "ఎందుకులే ఇవన్నీ వాళ్ళకి చెప్పడం" అనుకుంటారు. చెప్పాలి.

కాంట్రాస్ట్ మందులో అయోడిన్ ఉంటుంది. ఎక్స్‌రే దాని గుండా సులువుగా పోదు కాబట్టి అది ఉన్న రక్తనాళాలు, అవయవాలు తెల్లగా తేలి కనిపిస్తాయి. పని అయిపోయినాక దాన్ని బయటికి పంపేది కిడ్నీలు. అందుకే క్రియాటినిన్ అడుగుతారు, దాని నుంచి లెక్కకట్టే ఈజీఎఫ్ఆర్ అనే అంకె, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడపోస్తున్నాయో చెప్పేది, 30 కంటే తక్కువ ఉంటే డాక్టర్లు మందు ఎక్కించాలా వద్దా అని ఆలోచిస్తారు. కిడ్నీ జబ్బు ఉన్నా, ఒకే కిడ్నీ ఉన్నా, డయాలసిస్ మీద ఉన్నా ముందే చెప్పండి. నొప్పి మాత్రలు రోజూ మింగే అలవాటు ఉంటే అదీ చెప్పండి, మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో అడిగి కొనుక్కుని ఏళ్ళ తరబడి వేసుకునేవాళ్ళు మన పల్లెల్లో ఎంతమందో.

షుగర్ మాత్రల్లో మెట్‌ఫార్మిన్ గురించి చాలా గందరగోళం ఉంది. అది కిడ్నీని పాడు చేయదు. కిడ్నీ పని ఆగిపోతే ఆ మాత్ర ఒంట్లో పేరుకుని రక్తంలో లాక్టిక్ యాసిడ్ పెరిగే ప్రమాదం ఉంటుంది, భయం అది. ఇప్పటి అంతర్జాతీయ గైడ్‌లైన్ల ప్రకారం కిడ్నీలు బాగున్నవాళ్ళు ఆపనక్కర్లేదు. ఈజీఎఫ్ఆర్ 30 కంటే తక్కువైతే స్కాన్ అప్పటి నుంచి 48 గంటలు ఆపి, మళ్ళీ క్రియాటినిన్ చూసుకుని మొదలుపెట్టాలి. మన దగ్గర చాలా సెంటర్లు అందరినీ ఆపమంటాయి. ఆపమంటే మీ షుగర్ డాక్టర్‌కి ఒక ఫోన్ చేసి ఆపండి, సొంతంగా వద్దు. మాత్ర అట్ట మీద పేరు తెలియకపోతే అట్టే తీసుకుపోండి, రెండు మూడు మందులు కలిపిన మాత్రల్లో మెట్‌ఫార్మిన్ ఉన్న సంగతి వేసుకునేవాళ్ళకే తెలియదు. మా అమ్మ మాత్రలో ఇంకొకటి గ్లిమెపిరైడ్ ఉంది, అది వేసుకుని తినకుండా ఉంటే షుగర్ పడిపోతుంది, ఆ రోజు జరిగింది అదే. పరగడుపు రోజు ఆ రకం మాత్ర, ఇన్సులిన్ ఎట్లా సర్దుకోవాలో డాక్టర్‌ను ముందు రోజే అడగాలి.

ఎలర్జీ. ఇంతకు ముందు ఎప్పుడైనా స్కాన్ మందుకి దద్దుర్లు వచ్చినా, ఆయాసం వచ్చినా, అది పదేళ్ళ కిందటిదైనా చెప్పాలి. చెప్తే స్టెరాయిడ్ మాత్రలతో ముందు జాగ్రత్త తీసుకుంటారు, కానీ అవి స్కాన్‌కి 12-13 గంటల ముందు నుంచే మొదలు కావాలి, టేబుల్ మీద పడుకున్నాక గుర్తొస్తే లాభం లేదు. ఆస్తమా ఉన్నా చెప్పండి. చేపలు రొయ్యలు పడనివాళ్ళకి ఈ మందు పడదని ఒక నమ్మకం ఉంది, అది నిజం కాదు, రొయ్యల ఎలర్జీ రొయ్యల్లో ఉండే ప్రోటీన్‌కి, అయోడిన్‌కి కాదు. అయినా అడిగితే చెప్పండి, రాసుకుంటారు.

థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బు ఉన్నా, థైరాయిడ్‌కి రేడియో అయోడిన్ చికిత్స చేయించుకోబోతున్నా చెప్పండి, ఈ మందులోని అయోడిన్ ఆ చికిత్సకి కొన్ని వారాలు అడ్డం పడుతుంది.

కడుపుతో ఉన్నారేమో అన్న అనుమానం కొంచెం ఉన్నా, నెల తప్పి నాలుగు రోజులే అయినా, చెప్పండి. కొత్తగా పెళ్ళైన అమ్మాయి అత్తగారి ముందు చెప్పడానికి ఇబ్బంది పడుతుంది, అట్లాంటప్పుడు నర్సును పక్కకి పిలిచి ఆమె ఒక్కదానితో మాట్లాడించండి. పాలిచ్చే తల్లులు స్కాన్ తర్వాత పాలు ఆపాల్సిన పని లేదు, ఎక్కించిన మందులో నూటికి ఒక వంతు కూడా పాలల్లోకి పోదు, పోయినదాంట్లో బిడ్డ ఒంటికి పట్టేది మళ్ళీ నూటికి ఒక వంతు లోపే.

ముందు రోజు, ఆ పొద్దున

మందు ఎక్కించే స్కాన్ అయితే ఎక్కువ చోట్ల నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినొద్దంటారు. నీళ్ళు మాత్రం మామూలుగా తాగొచ్చు, తాగాలి కూడా. మా అమ్మ తరం వాళ్ళకి పరగడుపు అంటే గుక్క నీళ్ళు కూడా ముట్టకూడదని పట్టింపు, దేవుడి ఉపవాసంలాగా చేస్తారు. మే నెల ఎండలో ఒంట్లో నీళ్ళు లేకుండా వస్తే కిడ్నీకీ మంచిది కాదు, నరం కూడా దొరకదు, సూది రెండు మూడు చోట్ల గుచ్చాల్సి వస్తుంది. సెంటర్ వాళ్ళు నీళ్ళు వద్దని ప్రత్యేకంగా చెప్తే తప్ప తాపించండి. బీపీ మాత్ర, గుండె మాత్ర మానొద్దు.

నగలు ఇంట్లో పెట్టి రండి. లోహం ఎక్కడుంటే అక్కడ బొమ్మ మీద నక్షత్రంలాగా గీతలు పడి ఆ చుట్టుపక్కల ఏమీ కనపడదు. తలకి అయితే కమ్మలు, ముక్కుపుడక, జడ పిన్నులు, కట్టుడు పళ్ళు తీయాలి, ఛాతీకి అయితే మెడలో గొలుసులు, కడుపుకి అయితే వెండి మొలతాడు, లంగా హుక్కులు, పిన్నీసులు. మా అమ్మకి పుస్తెలు తీయమంటారేమో అని రాత్రంతా దిగులు. కడుపు స్కాన్‌కి తీయక్కర్లేదు, పైకి జరిపితే చాలన్నారు. ఛాతీకో మెడకో అయితే తీయాల్సిందే. దానికి భయపడాల్సింది లేదు, పసుపుతాడుకి పసుపు కొమ్ము కట్టి ఇంటి నుంచే వేసుకుని పోతే మనసుకీ బాధ ఉండదు, స్కాన్‌కీ అడ్డం రాదు. చీర కంటే హుక్కులు లేని నైటీ, పైన చున్నీ, అంతే.

ఒక సంచిలో చీటీ, క్రియాటినిన్ కాగితం, పాత స్కాన్‌లు రిపోర్టులతో సహా, వేసుకునే మాత్రల అట్టలు, ఆధార్, డబ్బులు, ఒక బాటిల్ నీళ్ళు, స్కాన్ అయిన వెంటనే తినేదానికి ఏదైనా. నేను రెండోసారి ఇడ్లీ డబ్బా, ఒక చిన్న ప్యాకెట్ గ్లూకోజ్ పెట్టుకున్నా. పాత ఫిల్మ్‌లు చాలామంది ఇంట్లో వదిలేసి వస్తారు. "మచ్చ పెరిగిందా, అట్లనే ఉందా" అని చెప్పాలంటే పోల్చుకునేదానికి పాతది ఉండాలి కదా.

సెంటర్ లోపల

కన్సెంట్ ఫారం ఇస్తారు. అది చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది, సంతకం పెట్టు పెట్టు అని తొందర చేస్తారు. పెట్టొద్దు, "ఏముందో తెలుగులో చెప్పండి" అనండి. నేను పైన రాసిన ఎలర్జీ, కిడ్నీ, గర్భం ప్రశ్నలే అందులో ఉంటాయి, అన్నిటికీ 'లేదు' అని టిక్ పెట్టేసి మీ చేతికిస్తే ఒక్కోటి చదివి సరిచేయండి. పేరు, వయసు, ఏ పక్క అన్నది కూడా చూసుకోండి.

కడుపు స్కాన్‌లకి కొన్నిసార్లు తాగేదానికి ఒక లీటరో ఇంకా ఎక్కువో నీళ్ళు, లేదా మందు కలిపిన నీళ్ళు ఇచ్చి గంటసేపు కొంచెం కొంచెంగా తాగమంటారు, పేగులు విడిగా కనపడేదానికి. రుచి బాగుండదు, విరేచనం కూడా కావొచ్చు, బస్సులో వెనక్కి పోయేవాళ్ళు అది దృష్టిలో పెట్టుకోండి. తర్వాత మోచేతి మడతలో క్యాన్యులా పెడతారు. రక్తం తీసే సూది కంటే కొంచెం లావు, ఎందుకంటే మందు మిషన్‌తో సెకనుకి మూడు నాలుగు మిల్లీలీటర్ల వేగంతో పోవాలి.

గదిలో మిషన్ చూసి భయపడాల్సిందేమీ లేదు. ఉద్దివడ లాగా ఉంటుంది, మధ్యలో పెద్ద బెజ్జం, అటూ ఇటూ తెరిచే ఉంటుంది. ఎమ్మారైలాగా పొడుగు గుహలో పడుకోబెట్టి డబడబ శబ్దం చేసేది కాదు ఇది. టేబుల్ మీద వెల్లకిలా పడుకోబెట్టి చేతులు తల పైకి పెట్టమంటారు, భుజం నొప్పి ఉంటే చెప్పండి, దిండు సర్దుతారు. అందరూ బయటికి పోయి తలుపు వేసుకుంటారు, అద్దం వెనక నుంచి చూస్తా ఉంటారు, మాట్లాడితే వినపడుతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఊపిరి బిగబట్టమని మిషన్ లోపల నుంచి రికార్డు చేసిన గొంతు వస్తుంది, అది చాలా చోట్ల ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటుంది. "బ్రీత్ ఇన్... హోల్డ్ యువర్ బ్రెత్... బ్రీత్ నార్మల్లీ". పల్లె నుంచి వచ్చిన పెద్దామెకి అదేం అర్థమవుతుంది? ఊపిరి కదిలితే బొమ్మ చెదిరిపోతుంది, లివర్ మీద చిన్న మచ్చ కనపడకుండానే పోవచ్చు. అందుకే టెక్నీషియన్‌కి ముందే చెప్పండి, "మా అమ్మకి తెలుగులోనే చెప్పన్నా" అని, మైకులో ఆయనే చెప్తాడు. ఇంటి దగ్గర ముందు రోజు పది పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టడం నాలుగైదుసార్లు ప్రాక్టీస్ చేయించండి. మా అమ్మతో నేను వేళ్ళు లెక్కపెడతా చేయించినా, ఆ రోజు చక్కగా చేసింది.

మందు లోపలికి పోతా ఉంటే ఒళ్ళంతా వేడి పాకుతుంది, గొంతులో మొదలై కిందికి దిగుతుంది, నోట్లో ఇనుము నాకినట్టు రుచి, ఒకటికి పోసేసుకున్నామేమో అనిపిస్తుంది. పోసుకోరు, అట్లా అనిపిస్తుంది అంతే, నిమిషంలో పోతుంది. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఆడవాళ్ళు టేబుల్ మీద సిగ్గుతో బిగుసుకుపోతారు, కదిలిపోతారు. కొంచెం వికారం రావొచ్చు. కానీ సూది గుచ్చిన చోట మంటగా ఉన్నా ఉబ్బుతున్నా, గొంతు పట్టేసినట్టున్నా, దురద మొదలైనా, ఊపిరి ఆడకపోయినా ఓర్చుకోవద్దు, వెంటనే అరవండి. "స్కాన్ చెడిపోతుందేమో" అని ఓర్చుకునేవాళ్ళున్నారు. స్కాన్ మళ్ళీ తీసుకోవచ్చు.

మా అమ్మకి ట్రైఫేజిక్. ముందు ప్లెయిన్‌గా ఒకసారి తీసినారు, మందు ఎక్కించినాక ముప్పై సెకన్లకి ఒకసారి, డెబ్బై సెకన్ల ప్రాంతంలో ఇంకోసారి, మూడు నాలుగు నిమిషాలు ఆగి మళ్ళీ. ఇన్నిసార్లు ఎందుకని నాకు బయట నిలబడి ఆందోళన. తర్వాత రేడియాలజిస్ట్ చెప్పినాడు. మందు ముందు ధమనుల్లోకి, తర్వాత లివర్‌కి పోయే సిరలోకి పోతుంది, గడ్డ ఏ టైంలో మెరుస్తుంది, ఏ టైంలో ఆరిపోతుంది అన్నదాన్ని బట్టే అది మంచిదా చెడ్డదా తెలుస్తుందంట. అమ్మది అంచుల నుంచి మొదలై మెల్లగా లోపలికి నిండుకుంటా వచ్చింది, ఆ లక్షణం హీమాంజియోమాది, రక్తనాళాల ముద్ద, క్యాన్సర్ కాదు. ఒక్కసారే తీసి ఉంటే ఆ మాట అంత గట్టిగా చెప్పలేకపోయేవాడు.

రేడియేషన్ గురించి భయం ఎంత ఉండాలి

ఉండాల్సినంత ఉండాలి. రేడియేషన్‌ను కొలిచేది మిల్లీసీవర్ట్‌లలో. తలకి తీసే సీటీలో దాదాపు 2 మిల్లీసీవర్ట్‌లు, ఛాతీకి 6-7, కడుపుకి 8-10, అదే మామూలు ఛాతీ ఎక్స్‌రే అయితే 0.1 లేదా అంతకంటే తక్కువ. భూమి నుంచీ ఆకాశం నుంచీ మనకి ఊరికే తగిలేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4. అంటే కడుపు సీటీ ఒకటి మూడు నాలుగేళ్ళ సహజ రేడియేషన్‌తో సమానం, ట్రైఫేజిక్ అయితే ఇంకా ఎక్కువ. దీనివల్ల భవిష్యత్తులో క్యాన్సర్ వచ్చే అవకాశం పెరిగేది చాలా కొంచెమే, కారణం ఉండి తీసినప్పుడు లాభమే ఎక్కువ. కారణం లేకుండా "మొత్తం ఒళ్ళు ఒకసారి చూసేద్దాం" అని ప్యాకేజీలో తీయించుకోవడం మాత్రం నాకు అస్సలు నచ్చదు. స్కాన్ అయినాక ఒంట్లో రేడియేషన్ మిగిలి ఉండదు, బల్బు ఆర్పితే వెలుతురు పోయినట్టే, ఇంటికి పోయి మనవళ్ళను ఎత్తుకోవచ్చు. తోడు వచ్చినవాళ్ళు లోపల ఉండాల్సి వస్తే సీసం ఏప్రాన్ అడిగి వేసుకోండి, గర్భిణీ మాత్రం లోపలికి రాకూడదు.

అయినాక

వెంటనే లేచి పరిగెత్తొద్దు. మందు ఎక్కించినవాళ్ళు పదిహేను నిమిషాల నుంచి అరగంట సెంటర్‌లోనే కూర్చోవాలి, పెద్ద రియాక్షన్‌లు వస్తే ఎక్కువగా ఆ టైంలోనే వస్తాయి, క్యాన్యులా కూడా అంతవరకు ఉంచమనండి. ఇడ్లీ పెట్టండి. ఆ రోజంతా నీళ్ళు, మజ్జిగ, రాగి అంబలి బాగా తాపించండి, గుండె జబ్బుకో కిడ్నీకో నీళ్ళు కొలత పెట్టినవాళ్ళయితే ఆ కొలత ప్రకారమే. దద్దుర్లు, దురద కొందరికి గంటల తర్వాత, రెండు మూడు రోజుల తర్వాత కూడా వస్తాయి. సూది చోట మందు చర్మం కింద కారి ఉబ్బితే చెయ్యి ఎత్తి పెట్టి చల్లటి గుడ్డ వేయండి, బొబ్బలెక్కినా వేళ్ళు తిమ్మిరెక్కినా వెంటనే చూపించండి.

రిపోర్ట్, ఫిల్మ్, సీడీ

ఫిల్మ్‌ను ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే ఏ డాక్టరూ దాన్ని చూసి గట్టిగా చెప్పలేడు. సీడీనో లింకో తప్పకుండా తీసుకోండి, అందులో వందల కొద్దీ ముక్కలు ఉంటాయి, ఫిల్మ్ మీద అచ్చు వేసేవి కొన్నే. ముఖ్యంగా ఇక్కడి నుంచి వేలూరుకో మద్రాసుకో పోయేవాళ్ళు సీడీ లేకుండా పోతే అక్కడ మళ్ళీ స్కాన్ తీయాల్సి రావొచ్చు, మళ్ళీ డబ్బు, మళ్ళీ రేడియేషన్. సెంటర్ వదిలే ముందే అక్కడి కంప్యూటర్‌లో సీడీ తెరిపించి మీ పేరు కనపడుతుందా చూసుకోండి. హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్ళు ఒరిజినల్ బిల్లు, చీటీ జాగ్రత్త, తర్వాత అదే జబ్బుకి అడ్మిట్ అయితే చాలా పాలసీల్లో అంతకు ముందు చేసిన పరీక్షల ఖర్చు కూడా అడగొచ్చు.

రిపోర్ట్ చేతికి రాగానే గూగుల్‌లో ఒక్కో పదం వెతుక్కుంటా భయపడొద్దు. "సింపుల్ సిస్ట్" అంటే నీటి తిత్తి, చాలామందికి ఉంటుంది. "కాల్సిఫైడ్ గ్రాన్యులోమా" అంటే ఎప్పుడో మానిపోయిన ఇన్ఫెక్షన్ గుర్తు. "క్లినికల్ కోరిలేషన్" అని ఉంటే ఇంకేదో దాస్తున్నారని కాదు, పేషెంట్‌ను చూసే డాక్టర్ లక్షణాలతో కలిపి చూసుకోవాలని. రాళ్ళ రిపోర్ట్‌లో మిల్లీమీటర్లు చూడండి, 5 లోపల ఉన్నవి ఎక్కువగా వాటంతట అవే పోతాయి. పక్కన "హెచ్‌యూ" అని ఒక అంకె ఉంటుంది, సీటీ కనిపెట్టినందుకు 1979లో నోబెల్ అందుకున్న ఇద్దరిలో ఒకరైన హౌన్స్‌ఫీల్డ్ పేరు మీద పెట్టిన కొలత, నీళ్ళకి సున్నా, 1000 దాటిన రాయి గట్టిదని లెక్క, బయటి నుంచి షాక్‌వేవ్‌తో పగలగొట్టడం కష్టం కావొచ్చు.

రిపోర్ట్ చివర్లో ఉండే "ఇంప్రెషన్" చదివి, అర్థం కాని ప్రశ్నలు చీటీ మీద రాసుకుని రాసిచ్చిన డాక్టర్ దగ్గరికే పోండి. మేము పోయినప్పుడు ఆయన రెండు నిమిషాలు ఫిల్మ్ చూసి "ఏం లేదమ్మా, ఆరు నెలలకి ఒకసారి అల్ట్రాసౌండ్ చేయించుకుంటే చాలు" అన్నాడు. నేను సీడీ మీద స్కెచ్ పెన్‌తో అమ్మ పేరు, తేదీ, "లివర్ - మందుతో" అని రాసి, క్రియాటినిన్ కాగితంతో కలిపి ఒకే కవర్‌లో బీరువాలో పెట్టినా. ఆరు నెలల తర్వాత అల్ట్రాసౌండ్‌కి పోయినప్పుడు మొదట అడిగింది ఆ కవరే.